మొదటి అంచు

ఫిజిక్స్ ల్యాబులో చీపురు దగ్గర్నుంచి స్పెక్ట్రోమీటరు దాకా ప్రతి వస్తువూ ఆమె చెప్పిన చోటే ఉండాలి. లేకపోతే ఆ పూట ఎవరికో మూడినట్టే. ముప్పై రెండేళ్లుగా ఆమె అక్కడ టెక్నీషియను. లెక్చరర్లు వస్తారు, పోతారు, ప్రమోషన్లు తీసుకుని పెద్ద గదుల్లోకి మారిపోతారు. ఆమె మాత్రం ఆ మూడు పొడవాటి బల్లల మధ్యే ఉండిపోయింది. విద్యార్థులు ఎదురుగా మేడం అంటారు, వెనక రంపం అంటారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసీ ఊరుకుంది. రంపమంటే పనికొచ్చే వస్తువే కదా, అద్దాల బీరువాలో పెట్టుకునే బొమ్మ కాదుగా అనుకుంది.

ఆమె నోటికి జడవని వాళ్లు ఆ మేడలో లేరు. లెన్సు మీద వేలిముద్ర పడితే ఒంటికాలి మీద లేచేది. స్టాప్‌క్లాకు బల్ల మీద పెట్టేటప్పుడు టక్కుమంటే, "అదేమన్నా సుత్తా, అలా కొడుతున్నావ్?" అనేది. ఇంట్లో కూర్చుని రీడింగులు వండి తెచ్చిన వాళ్లకైతే నరకమే. లోలకం పక్కన నిలబెట్టి మళ్లీ యాభై ఊపులు లెక్కపెట్టించి, కళ్ల నీళ్లు పెట్టించి గానీ సంతకం చేసేది కాదు. "తప్పొస్తే వచ్చిందని రాయండి. దాన్ని దాచారో, నా చేతిలో అయిపోయారే!" అని ఏటా మొదటి రోజే చెప్పేది. ఈ మాట చెప్పే హక్కు తనకు లేదని ఆమెకు తెలుసు. ఆ కథకే వస్తున్నాను.

ఇంతమందిని ఉతికి ఆరేసే ఆ నోరు ఒక్క మనిషి దగ్గర మాత్రం తొమ్మిదేళ్లుగా మూతపడి ఉంది. ఆ మనిషి ఆమె సొంత తమ్ముడు. అదే కాలేజీలో, ఆవరణకు ఆ చివర ఉన్న ఎలక్ట్రానిక్స్ మేడలో అతనూ టెక్నీషియనే. ఆమెది పర్మనెంటు ఉద్యోగం, అతనిది ఏటా రెన్యువల్ కావాల్సిన ఉద్యోగం. తల్లి బట్టల మిల్లులో షిఫ్టులు చేస్తుంటే చంకనేసుకుని తిప్పి, అన్నం కలిపి పెట్టి, అక్షరాలు దిద్దించి అతన్ని పెంచింది ఈ అక్కే. సోల్డరింగ్ ఇనుము పట్టుకోవడం నేర్పింది ఈ అక్కే. అతన్ని ఆ కాలేజీలో చేర్పించడానికి ముగ్గురు ప్రిన్సిపాళ్ల చుట్టూ కాళ్లరిగేలా తిరిగిందీ ఈ అక్కే. అందుకే అతను చేసిన పని ఆమెకు గుండెలో మేకులా దిగింది.

తొమ్మిదేళ్ల కిందట ఒక సోమవారం పొద్దున ల్యాబు తలుపు తీస్తే కాలిన వాసన గుప్పుమంది. మూడేళ్లు అడగ్గా అడగ్గా వచ్చిన, కరెంటు అలల్ని తెర మీద చూపే కొత్త ఆసిలోస్కోపు, దాని కింద బల్లతో సహా మాడి మసైపోయి ఉంది. ఆ ల్యాబులోనే విచారణ పెట్టారు. వోల్టేజీ పెరిగి కాలిపోయిందని ఆమె చెప్పింది. శనివారం సాయంత్రం వైరు చుట్ట అడగడానికి తమ్ముడు ఆ ల్యాబుకి వచ్చాడని ఎవరో చెప్పడంతో అతన్నీ పిలిచారు. "నేను వెళ్లేటప్పటికి స్కోపు ఆన్‌లోనే ఉంది సార్. ఆఖర్న తాళం వేసింది అక్కే," అన్నాడు. అంతే, రెండు ముక్కలు. ఆ ఏడు ఆమెకు రావాల్సిన ల్యాబ్ సూపర్‌వైజరు పోస్టు ఆ రెండు ముక్కలకే ఊడిపోయింది. బ్యూరెట్టుకీ పిపెట్టుకీ తేడా తెలియని ఒక పెద్దమనిషిని తెచ్చి ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. తొమ్మిదేళ్లపాటు రోజూ పొద్దున్నే ఆయనకు గుడ్ మార్నింగ్ చెప్పాల్సి వచ్చింది ఆమెకు.

ఆ రోజు నుంచి తమ్ముడు ఎదురైతే తల తిప్పేసుకునేది. అతను మెట్లెక్కుతుంటే ఈమె లిఫ్టు దగ్గరకు వెళ్లేది, లిఫ్టు పాడైనా సరే, దాని ముందే నిలబడేది. అతని పెళ్లానికి ఆపరేషనైతే చూడ్డానికి వెళ్లలేదు. భర్తకు బైండింగు షాపుంది, నోట్లో నాలుక లేని మనిషి. ఆయన ఒకసారి, "ఎంతైనా నీ తమ్ముడేనే," అన్నాడు. ఆ తర్వాత వారం రోజులు ఆ ఇంట్లో గిన్నెలే మాట్లాడాయి. ఆయన మళ్లీ ఆ ఊసెత్తలేదు. కాకపోతే బావమరిది చాటుగా షాపుకి వచ్చి కూర్చుని వెళ్తుండేవాడు. అది ఆమెకు తెలియదని ఆయన నమ్మకం.

ఈ ఏడు కొత్త లెక్చరరు వచ్చింది. ముప్పై ఏళ్ల మనిషి, మాట మెత్తన, పట్టు గట్టి. వస్తూనే రెండు నల్లటి పెట్టెలు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఒక్కోదానికి పుట్టగొడుగు లాంటి యాంటెనా ఒకటి, ముందు వైపు చిన్న ఎర్ర దీపం ఒకటి.

"పైన తిరిగే ఉపగ్రహాల్లో అణు గడియారాలుంటాయండీ," అని చెప్పింది లెక్చరరు. "వాటి సిగ్నల్ పట్టుకుని ఈ పెట్టె సెకనుకోసారి ఒక పల్సు ఇస్తుంది. పల్సు ఉన్నంతసేపు, అంటే సెకనులో పదో వంతు, ఈ దీపం వెలుగుతుంది. రెండు పెట్టెల్నీ ఎంత దూరంలో పెట్టినా రెండూ ఒకే క్షణంలో కొడతాయి. మధ్యలో తీగ అక్కర్లేదు. ఆవరణకు ఆ చివరున్న మేడ మీద తుపాకీ పేలుస్తాం. చప్పుడు ఎప్పుడు బయల్దేరిందో ఆ పెట్టె చెబుతుంది, ఎప్పుడు చేరిందో ఈ పెట్టె చెబుతుంది. శబ్దవేగం పిల్లలే కొలిచేస్తారు."

"తీగ అక్కర్లేదు సరే, మనిషి కావాలిగా. ఆ మేడ మీద ఎవరుంటారు?"

"ఎలక్ట్రానిక్స్ వాళ్ల టెక్నీషియను."

ఆమె చేతిలో ఉన్న తుడుపు గుడ్డను నాలుగు మడతలు పెట్టింది. కుదరదని చెప్పేదే. కానీ ఆ పిపెట్టు పెద్దమనిషి రిటైరయ్యాడు, సూపర్‌వైజరు కుర్చీ మళ్లీ ఖాళీ అయింది. ఐదు వారాల్లో కమిటీ వస్తుంది. తన సర్వీసు ఇంకా మూడేళ్లే. ఇది తప్పితే ఇంకో అవకాశం లేదు. "ఈ ప్రయోగం కమిటీ ముందు నడిపి చూపించండి, మీ ఫైలు నేనే ముందు పెడతాను," అంది లెక్చరరు. ఆమె ఒప్పుకుంది, కానీ షరతులు పెట్టి ఒప్పుకుంది.

తమ్ముడితో ఫోన్లు ఉండవు. అతను ఈ ల్యాబు గుమ్మం తొక్కడు. తుపాకీ ఎప్పుడు పేల్చాలో విద్యార్థులే చూసుకుంటారు. అవతలి రీడింగులు కాగితం మీద వస్తాయి కదా, ఆ కాగితం కూడా తన కంటబడకూడదు. "అందులో అంకెలు మాత్రం మీ చేత్తో మీ పుస్తకంలోకి ఎక్కించుకుని రండి. అంకెలు తప్ప ఇంకొక్క అక్షరం నాకు చూపించారంటే చూడండి!" అంది. విద్యార్థులు మొహమొహాలు చూసుకున్నారు. అయినా రంపానికి ఎదురు చెప్పేదెవరు?

పెట్టెలతో పాటు వాడకం పుస్తకం ఒక్కటే వచ్చింది, అది తమ్ముడి గదికి చేరింది. అడిగితే ఒక్క నిమిషంలో జిరాక్సు వచ్చేది. ఆమె అడగలేదు. ముప్పై రెండేళ్ల అనుభవం ఉండగా పుస్తకమెందుకు అనుకుంది. పెట్టె వెనక ఒక బుల్లి స్విచ్చు ఉంది, పైకొకటి, కిందికొకటి. పల్సు మొదలయ్యే అంచు నుంచి లెక్క పెట్టాలా, ముగిసే అంచు నుంచి పెట్టాలా అని అది అడుగుతోంది. ఆమె ఎర్ర దీపాన్ని కాసేపు చూసింది. వెలుగుతోంది, ఆరుతోంది. ఎదుటివాడు మాట పూర్తిచేశాకే కదా మనం అందుకోవాలి అని ఆలోచించి, ముగిసే అంచుకే నొక్కేసింది. జన్మలో ఎవరి మాటా పూర్తిగా విననిది, ఆ ఒక్క దీపం దగ్గర మాత్రం మర్యాద పాటించింది.

రెండు మేడల మధ్య దూరం టేపుతో కొలిస్తే ఆరొందల తొంభై మీటర్లు. ఆ ఎండకి శబ్దం సెకనుకి మూడొందల నలభై ఏడు మీటర్లు పోవాలి. ఆటల విభాగం నుంచి పరుగుపందెం తుపాకీ అరువు తెచ్చి, ఎలక్ట్రానిక్స్ మేడ మీద పేల్చారు. లెక్క కడితే మూడొందల అరవై ఐదు వచ్చింది. మళ్లీ పేల్చారు, మళ్లీ అంతే. పది పేలుళ్లకి పదిసార్లూ అంతే.

అంత మొండిగా ఒకే తప్పు రావడం ఆమె ఎన్నడూ చూడలేదు. మర్నాడు టేపు మార్చి కొలిపించింది. థర్మామీటరు మార్చింది. చప్పుడు పట్టే మైకు దగ్గర నిలబడే వాళ్లని తిట్టింది, దూరంగా నిలబడే వాళ్లని తిట్టింది. రెండో వారానికి విద్యార్థులు రికార్డుల్లో 347కి దగ్గరగా అంకెలు వండుకు రావడం మొదలుపెట్టారు. ఆ రికార్డులు విసిరికొట్టింది. మూడో వారానికి ఆమెకు అనుమానం వచ్చింది. నాలుగో వారానికి అది అనుమానం కాదు, రుజువే. ఆ మేడ మీద వాడు కావాలనే ఏదో చేస్తున్నాడు. అప్పుడు నోటితో చేసిన పని ఇప్పుడు చేత్తో చేస్తున్నాడు.

కమిటీ గురువారం వస్తుందనగా, మంగళవారం పొద్దున ఆమె ఫిర్యాదు రాసింది. ఎలక్ట్రానిక్స్ టెక్నీషియను వ్యక్తిగత కక్షతో, ఉద్దేశపూర్వకంగా రీడింగులు చెడగొడుతున్నాడనీ, అతన్ని కొనసాగించడం సంస్థకు మంచిది కాదనీ రాసి సంతకం పెట్టింది. అతని రెన్యువల్ ఆ నెలాఖరుకే ఉందని ఆమెకు తెలుసు. తెలిసే రాసింది. ప్రిన్సిపాలు ఆఫీసులో ఇచ్చి, ముద్ర వేయించుకుని, నకలు దాచుకుని మరీ వచ్చింది. చాలా రోజులకి ఆ మధ్యాహ్నం అన్నం రుచిగా అనిపించింది.

బుధవారం లెక్చరరు ఇంకో మాట చెప్పింది. "గాలి వాలేమో చూద్దామండీ. ఈసారి తుపాకీ మన మేడ మీద పేల్చి, అక్కడ విందాం. గాలి తోస్తుంటే ఇటు ఎక్కువొచ్చినట్టే అటు తక్కువ రావాలి."

పేల్చారు. మూడొందల ముప్పై వచ్చింది. లెక్చరరు మొహం వెలిగిపోయింది. "చూశారా? గాలే!" అంటూ గబగబా లెక్క కట్టింది. కట్టాక ఆ వెలుగు ఆరిపోయింది. అంత తేడా రావాలంటే గంటకి అరవై కిలోమీటర్ల పైన గాలి వీయాలి. మేడ మీద తీగకి ఆరేసిన తుడుపు గుడ్డ కదలకుండా వేలాడుతోంది. "నాకేం పాలుపోవడం లేదండీ," అని లెక్చరరు పుస్తకాలు సర్దుకుని వెళ్లిపోయింది.

సాయంత్రం నాలుగైంది. ఆమె ఒక్కతే బల్ల ముందు కూర్చుంది. వేగాలు పక్కన పెట్టి, టైములు చూసింది. చప్పుడు చేరడానికి ఒక సెకను తొమ్మిదొందల ఎనభై ఎనిమిది మిల్లీసెకన్లు పట్టాలి. అటు నుంచి ఇటు వస్తే వంద మిల్లీసెకన్లు తక్కువ. ఇటు నుంచి అటు పోతే వంద ఎక్కువ. అంటే తేడా గాలిలో లేదు, తుపాకీలో లేదు. ఒక పెట్టె గడియారం ఇంకో పెట్టె కన్నా సెకనులో పదో వంతు వెనకబడి నడుస్తోంది. బల్ల మీద ఎర్ర దీపం వెలిగింది, ఆరింది. అది వెలిగి ఉండేది ఎంతసేపో ఆమెకు తెలుసు. లెక్చరరు మొదటి రోజే చెప్పింది, సెకనులో పదో వంతు.

రికార్డు మీద సంతకానికని ఒక విద్యార్థిని గుమ్మంలో నిలబడి ఉంది. "అవతలి కాగితాలేవి? అసలువి," అని అడిగింది ఆమె. ఆ అమ్మాయి భయపడుతూ అలమర పై అరలోంచి ఫైలు తీసిచ్చింది.

తొమ్మిదేళ్ల తర్వాత తమ్ముడి రాత చూసింది. తను దిద్దించిన రాతే, అక్షరాలన్నీ ఇప్పటికీ కుడివైపు ఒరుగుతున్నాయి. మొదటి కాగితం పైన, అంకెల కన్నా ముందు, రెండు గీతలు గీసి రాశాడు: "పల్సు మొదటి అంచు నుంచి లెక్కపెట్టాను. అక్కడ కూడా మొదటి అంచే పెట్టాలి. దయచేసి చూడమనండి." రెండో వారం: "స్విచ్చు చూడమని ఆవిడకి చెప్పండి." మూడో వారం: "స్విచ్చు!!" నిన్నటి కాగితం మీద: "నేను గోడకు చెబుతున్నానా?"

"ఇది నాకెందుకు చెప్పలేదే?" అంది.

"అంకెలు తప్ప ఇంకొక్క అక్షరం చూపించొద్దన్నారుగా మేడం."

ఆ అమ్మాయి రికార్డు మీద సంతకం చేసి పంపేసింది. ముప్పై రెండేళ్లలో రికార్డు తెరిచి చూడకుండా సంతకం పెట్టడం అదే మొదటిసారి.

తలుపు వేసి, పెట్టె వెనక్కి తిప్పి, గోటితో స్విచ్చు పైకి నెట్టింది. టక్కుమంది. ఐదు వారాల తప్పు అంత చిన్న చప్పుడుతో సరైపోయింది. అప్పుడు ఆమెకొక ఆలోచన వచ్చింది, ఆ ఆలోచన చూసి ఆమెకే భయమేసింది. రేపు కమిటీ ముందు సరైన అంకె వస్తుంది. ఫిర్యాదు ఫైల్లోనే ఉంటుంది. ఫిర్యాదు పడింది కాబట్టి వాడు దారికొచ్చాడు అనుకుంటారు. తను ఒక్క అబద్ధం కూడా ఆడక్కర్లేదు, నోరు మూసుకుంటే చాలు. కుర్చీ తనది. ఆ రాతలు గుర్తొచ్చి తమ్ముడి మీద జాలి కలగలేదు సరికదా, మరింత మండుకొచ్చింది. ఎప్పుడూ వాడి మాటే సరైనదవ్వాలా? ఇంటికెళ్లాక భర్త, "ఒంట్లో బాగుందా?" అని అడిగాడు. "నాకేం, దుక్కలా ఉన్నా," అంది.

గురువారం పొద్దున ప్రిన్సిపాలు ఆఫీసు మీదుగానే వచ్చింది. తలుపు తెరిచే ఉంది. గుమాస్తా నమస్కారం కూడా పెట్టాడు. ఫిర్యాదు వెనక్కి తీసుకోవాలంటే లోపలికి నాలుగడుగులు వేస్తే సరిపోయేది. వేయలేదు.

కమిటీలో ముగ్గురు వచ్చారు. మేడ ఎక్కారు, తుపాకీ పేలింది, కాగితాలు వచ్చాయి. మూడొందల నలభై ఏడు. లెక్చరరు నోరు తెరుచుకుని ఆమె వంక చూసింది. ఆమె చూపు తప్పించింది. అందరూ కిందికి దిగి ల్యాబులో కూర్చున్నారు. కమిటీ పెద్ద, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకుని, ఫైల్లోంచి ఫిర్యాదు బయటికి తీశాడు. "అతన్ని పిలవండి," అన్నాడు.

తమ్ముడు వచ్చాడు. తొమ్మిదేళ్ల తర్వాత ఆ గుమ్మం తొక్కాడు. తల నెరిసింది, చేతిలో తుపాకీ పెట్టె ఉంది. అక్క వైపు చూడలేదు.

"ఐదు వారాలు తప్పొచ్చింది. మొన్న ఫిర్యాదు పడింది. ఇవాళ సరైపోయింది," అన్నాడు పెద్ద, ఒక్కో మాటకీ కాగితం మీద పెన్నుతో పొడుస్తూ. "ఏమంటావయ్యా? తప్పు ఎవరి వైపు?"

అదే గది. అదే ప్రశ్న. వాడు చెబుతాడు. అప్పుడు చెప్పినట్టే రెండు ముక్కల్లో చెప్పేస్తాడు. చెప్పనీ, కాగితాలు కూడా చూపించనీ, అప్పుడు వాణ్ని జీవితాంతం హాయిగా తిట్టుకోవచ్చు.

తమ్ముడు తుపాకీ పెట్టెను బల్ల మీద పెట్టాడు. "నా వైపే అని రాసుకోండి సార్," అన్నాడు విసుగ్గా. "ఒకసారి నిజం చెప్పి తొమ్మిదేళ్లు పడ్డాను. ఇంకో తొమ్మిదేళ్లు పడే ఓపిక నాకు లేదు. ఆవిడకి కుర్చీ కావాలి, ఇచ్చెయ్యండి. నేను ఇంకో చోట పని చూసుకుంటాను."

పెద్ద పెన్ను మూత తీశాడు. ఆమెకు ఒళ్లంతా కారం రాసుకున్నట్టయింది. వీడు పెట్టే భిక్షతో తను కుర్చీ ఎక్కాలా? తన చేతి ముద్ద తిని పెరిగినవాడు తనకి ముష్టి వేస్తాడా?

"నోర్ముయ్!" అని అరిచింది. ల్యాబంతా ఉలిక్కిపడింది. తొమ్మిదేళ్ల తర్వాత తమ్ముడితో ఆమె అన్న మొదటి మాట అదే. "నీ దానం ఎవడిక్కావాల్రా ఇక్కడ? పెద్ద త్యాగమూర్తి వచ్చాడు! సార్, ఆ పెన్ను ఆపండి. తప్పు నాది. స్విచ్చు నేను తప్పుగా పెట్టాను. వీడు ఐదు వారాలుగా ప్రతి కాగితం మీదా రాస్తూనే ఉన్నాడు, నేనే చూడలేదు. నిన్న సాయంత్రం సరిచేశాను. ఫిర్యాదు చించెయ్యండి."

"అంటే మీకు నిన్నే తెలుసా? తెలిసీ ఫిర్యాదు ఉంచేశారా?" అన్నాడు పెద్ద.

"ఉంచేశాను. రాసుకోండి." అక్కడితో ఆగొచ్చు. ఆగితే బాగుండేదని లెక్చరరు కళ్లతోనే బతిమాలుతోంది. కానీ ఆ నోరు ఒకసారి తెరుచుకుంటే ఆగే నోరు కాదు. "ఇంకోటి కూడా రాసుకోండి. ఆసిలోస్కోపు వోల్టేజీకి కాలిపోలేదు. నేనే స్విచ్చు ఆపలేదు. శనివారం ఇంటికెళ్లాక గుర్తొచ్చింది కూడా. బస్సెక్కి మళ్లీ ఎవరొస్తారులే, సోమవారం చూసుకుందాం అనుకున్నాను."

పెద్ద రాసుకున్నాడు, చాలాసేపు రాసుకున్నాడు. ఫిర్యాదు నాలుగు ముక్కలు చేసి బల్ల మీద పెట్టి, ఆమె ఫైలు మాత్రం చంకలో పెట్టుకుని మిగతా ఇద్దరితో కలిసి వెళ్లిపోయాడు. వాళ్ల వెనకే లెక్చరరూ వెళ్లింది. కుర్చీ సంగతి ఇక ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆమె గుడ్డ తీసుకుని, శుభ్రంగానే ఉన్న పెట్టెను తుడవడం మొదలుపెట్టింది. తమ్ముడు తుపాకీ పెట్టె అందుకుని గుమ్మం దాకా వెళ్లాడు, అక్కడ ఆగాడు.

"స్కోపు సంగతి నాకు తెలుసక్కా," అన్నాడు. "ఆ రోజు నువ్వే చెబుతావేమోనని నా వంతు వచ్చేదాకా ఎదురుచూశాను."

"నిన్నెవడడిగాడ్రా?" అంది ఆమె, తల ఎత్తకుండా.